అలాస్కా క్రూయిజ్: టికెట్టు కొనే ముందే అసలు ఖర్చు లెక్క వేసుకోవడం ఎలా?

వేసవిలో అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు సియాటిల్, బెల్‌వ్యూ పరిసరాల్లోని తెలుగు కుటుంబాలు తప్పక తలచుకునే ప్రయాణాల్లో అలాస్కా క్రూయిజ్ ఒకటి. గది, భోజనం, వినోదం అన్నీ కలిపి ఏడు రాత్రులకు మనిషికి 900 డాలర్లేనన్న ప్రకటన చూడగానే, ఆ డబ్బుతో మంచి హోటల్లో నాలుగు రాత్రులు కూడా గడవవు కదా అనిపించడం సహజం. మొదటిసారి నాకూ అలాగే అనిపించింది. చివరి రాత్రి మా గది ఖాతాలో పడిన పద్దులన్నీ వరసగా చదువుకున్నాక, ప్రకటనలో చూసిన ధర మొత్తం ఖర్చులో సగం కూడా కాదని తెలిసింది. రెండోసారి వెళ్లేటప్పుడు టికెట్టు కొనడానికి ముందే అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం రాసే పద్ధతినే, సియాటిల్‌లో ఎక్కి మళ్లీ సియాటిల్‌లోనే దిగే ఏడు రాత్రుల ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకుని, ఇక్కడ అంచెలంచెలుగా చెబుతున్నాను.

మొదటి అంచె: ధర చూసే ముందు పాస్‌పోర్టులు చూడండి

ఈ ఓడలు అలాస్కా రేవులన్నీ తిరిగి, సియాటిల్ చేరే ముందు కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. ఆ మజిలీ కేవలం యాత్రికుల ముచ్చట కోసం పెట్టింది కాదు. విదేశీ జెండా కింద నడిచే (అంటే విదేశంలో నమోదైన) ఓడ, మధ్యలో వేరే దేశపు రేవును తాకకుండా, అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను చేరవేయకూడదని 1886 నాటి అమెరికా చట్టం ఒకటి ఉంది. పెద్ద విహార నౌకల్లో దాదాపు అన్నీ బహామాస్, పనామా వంటి దేశాల జెండాలతో తిరిగేవే. కోవిడ్ కాలంలో కెనడా తన రేవులను మూసివేసినప్పుడు, 2021లో అలాస్కా కోసం ఈ నియమానికి తాత్కాలిక మినహాయింపు ఇవ్వడానికి అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది.

దీని ఫలితం మనవాళ్ల మీద నేరుగా పడుతుంది. భారత పాస్‌పోర్టుతో ప్రయాణించేవారికి, వారు విక్టోరియాలో దిగినా దిగకపోయినా, కెనడా సందర్శక వీసా ఉండాలి. అది లేదని తేలితే సియాటిల్ రేవులోనే ఆపేస్తారు, కట్టిన డబ్బు తిరిగి రాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ వీసా అక్కరలేదు గానీ, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు రెండూ వెంట ఉండాలి. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి, బి-2 సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు కెనడా వీసా తప్పనిసరి. అమెరికాలో పుట్టిన పిల్లలకు, బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చే ఇటువంటి ప్రయాణంలో, పదహారేళ్లు నిండకపోతే జనన ధ్రువపత్రం సరిపోతుంది. అయినా పాస్‌పోర్టు ఉంటే తీసుకువెళ్లడమే మేలు, ఎందుకంటే మధ్యలో ఎక్కడైనా ఓడను అందుకోలేక విమానంలో కెనడా చేరవలసి వస్తే జనన ధ్రువపత్రం పనికిరాదు.

కెనడా వీసా రుసుము మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు మరో 85. గత పదేళ్లలో ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు ఇంకా చెల్లుతుంటే ఆ రెండో మొత్తం తప్పుతుంది. దరఖాస్తు మీద నిర్ణయం ఎన్ని వారాల్లో వస్తుందో ముందుగా చెప్పలేం కనుక, తల్లిదండ్రులు ఇండియాలో ఉండగానే దానికి పూనుకోవడం మంచిది.

ఓడ విక్టోరియాను తాకి తిరిగి వచ్చిందంటే మీరు అమెరికా విడిచి మళ్లీ ప్రవేశించినట్టే లెక్క. కాబట్టి తల్లిదండ్రుల అమెరికా వీసా పలుమార్లు ప్రవేశానికి పనికివచ్చేదో కాదో చూడండి. తిరిగి వచ్చేటప్పుడు ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ప్రవేశ పత్రం) మీద కొత్తగా ఆరు నెలలు దొరుకుతాయని ఆశపెట్టుకోవద్దు. పాత గడువే కొనసాగవచ్చు. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగు గడువు తీరిన హెచ్-1బి ఉద్యోగులు, కెనడాకు ముప్పై రోజులకు మించకుండా వెళ్లి వచ్చినప్పుడు, చెల్లుబాటులో ఉన్న ఐ-94 ఆధారంగా తిరిగి ప్రవేశించే వెసులుబాటు ఒకటి ఉంది. అయితే అదే మనిషి కరేబియన్ దీవులకు క్రూయిజ్ వెళితే ఆ వెసులుబాటు వర్తించదు. వీసా హోదా మార్పు కోసం గానీ గ్రీన్‌కార్డు కోసం గానీ దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నవారు, ఓడ ఎక్కడం దేశం విడిచి వెళ్లడమే అవుతుందని గుర్తుంచుకుని, ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడిగిన తరవాతే ముందుకు కదలాలి.

రెండో అంచె: ప్రకటనలోని ధరను విడగొట్టండి

ప్రకటనలో కనిపించే ధర, ఒక గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్కన, అందులో ఒక మనిషికి అయ్యేది. ఒక్కరే వెళితే ఇద్దరి ధరకు దగ్గరగా కట్టవలసి వస్తుంది. అదే గదిలో మూడో, నాలుగో మనిషికి ధర తక్కువగా ఉంటుంది గానీ, పన్నులూ టిప్పులూ వారికీ తప్పవు. 2024 జూలై నుంచి కాలిఫోర్నియాలో అమలులోకి వచ్చిన చట్టం వల్ల, పెద్ద కంపెనీలు అమెరికాలో పన్నులు, రేవు రుసుములు కలిపిన ధరనే చూపిస్తున్నాయి. ఇండియాలోని ఏజెంట్లు ఇచ్చే కొటేషన్లలో మాత్రం ఇవి ఇంకా విడిగానే ఉండవచ్చు. అలాస్కా రాష్ట్రమే ఒక్కో ప్రయాణికుడి మీద 34.50 డాలర్ల పన్ను వేస్తుంది, ఆపైన ఊళ్ల రుసుములు వేరు. అందువల్ల అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటే: పన్నులతో కలిపి, నా గదికి, మొత్తం ఎంత?

గది ఎంపికలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. కిటికీ లేని లోపలి గదికీ బాల్కనీ గదికీ మధ్య ఉండే తేడా, ఏడు రాత్రులకు మనిషికి కొన్ని వందల డాలర్లు ఉంటుంది. ఓడ హిమనీనదం (గ్లేసియర్) ఎదుట నిలబడే ఆ గంటసేపు పై డెక్కు మీద నుంచి రెండు వైపులా కనిపించేది, బాల్కనీ నుంచి ఒక వైపే కనిపిస్తుంది. ఆరోగ్యంగా, చలికి తట్టుకోగలిగినవారు లోపలి గది తీసుకుని, మిగిలిన డబ్బుతో రేవులో ఒక మంచి విహారానికి వెళ్లడమే లాభమని నేను అనుకుంటాను. డెబ్బై ఏళ్ల తల్లిదండ్రులు వెంట ఉంటే ఈ లెక్క మారుతుంది. చలిగాలిలో నిలబడలేనివారికి దుప్పటి కప్పుకుని కూర్చునే బాల్కనీ నిజంగా అవసరమే. ధర తక్కువగా ఉన్న కిటికీ గది కనిపిస్తే, దాని ముందు ప్రాణరక్షక పడవ అడ్డుగా వేలాడుతోందేమో డెక్కు పటంలో చూసుకోండి.

మే నెలలోనూ, సెప్టెంబరులోనూ ధరలు దిగుతాయి. ఆగ్నేయ అలాస్కాలో మే నెల సాధారణంగా వాన తక్కువగా ఉండే కాలం, సెప్టెంబరు బాగా తడిసే కాలం. అయితే మే నెలలో సాల్మన్ చేపలు ఏరుల్లోకి ఎదురీదే దృశ్యం కనిపించదు; అందుకు జూలై నుంచి సెప్టెంబరు దాకా వెళ్లాలి. తిమింగలాలు మాత్రం మే నుంచి సెప్టెంబరు దాకా ఉంటాయి.

మూడో అంచె: ఓడలో రోజూ పెరిగే పద్దులు

వీటిలో పెద్దది టిప్పు. గది శుభ్రం చేసేవారికి, వడ్డించేవారికి అని చెప్పి, చాలా కంపెనీలు మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా, పిల్లలతో సహా, మీ ఖాతాలో వాటంతటవే వేస్తాయి. రోజుకు 18 డాలర్లనుకుంటే నలుగురికి ఏడు రోజులకు 504 డాలర్లు. గెస్ట్ సర్వీసెస్ కౌంటరుకు వెళ్లి దీనిని తగ్గించమని అడిగే వీలు కొన్ని ఓడల్లో ఉన్నా, అలా చేయమని నేను చెప్పను. ఆ పనివారిలో మన దేశంవారూ, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వారూ నెలల తరబడి ఇల్లు విడిచి పనిచేస్తుంటారు, వారి సంపాదనలో ఈ టిప్పులే ప్రధాన భాగం. దీనిని టికెట్టు ధరలో భాగంగానే చూడండి. ఇది కాక, బార్‌లోనో, స్పాలోనో, విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్లలోనో ఏది కొన్నా, బిల్లు మీద మరో 18 నుంచి 20 శాతం కలుస్తుంది.

పానీయాల ప్యాకేజీ విషయంలో కాస్త గణితం అవసరం. మద్యంతో కూడిన ప్యాకేజీ మనిషికి రోజుకు 60 నుంచి 100 డాలర్ల మధ్య, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉంటుంది, దాని మీద టిప్పు శాతం అదనం. ఒక గదిలో పెద్దవారు ఒకరు కొంటే రెండోవారూ కొనాలనే నియమం చాలా కంపెనీలు పెట్టాయి. భర్త రోజుకు రెండు గ్లాసుల వైన్ తాగి, భార్య కాఫీతో సరిపెట్టుకునే ఇంట్లో ఈ ప్యాకేజీ ఎలా చూసినా నష్టమే. మంచినీళ్లు, టీ, మామూలు కాఫీ, ఉదయం పూట పళ్లరసాలు ఎలాగూ టికెట్టులోనే వస్తాయి. ఎస్‌ప్రెసో, సీసా నీళ్లు, కోక్ మాత్రం కొనుక్కోవాలి. ఎక్కే రోజున పెద్దవారు ఒక్కొక్కరు 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి వెంట తెచ్చుకోవడానికి చాలా ఓడలు అనుమతిస్తాయి. ఓడ మీద మద్యానికి కనీస వయసు 21.

ఇంటర్నెట్‌కు ఒక్కో పరికరానికి రోజుకు సుమారు 15 నుంచి 30 డాలర్లు అవుతుంది. ఇంట్లో నలుగురికీ నాలుగు కొనకుండా, ఒక్కటి కొని వంతుల మీద వాడుకోవచ్చు. అలాస్కా రేవుల్లో అమెరికా ఫోన్లు మామూలుగానే పనిచేస్తాయి. అసలు ప్రమాదం వేరే ఉంది. ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మరిచిపోతే, అది ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కును పట్టుకుని, మీ నెలవారీ ప్లానుకు సంబంధం లేని ధరలతో బిల్లు వేస్తుంది. ఓడ సియాటిల్ రేవు దాటక ముందే ఇంట్లోవాళ్లందరి ఫోన్లూ మీరే చేతిలోకి తీసుకుని చూడండి, ముఖ్యంగా నాన్నగారి వాట్సాప్ ఫోను.

ఓడలో నగదు చెల్లదు. గది కార్డు ఆనిస్తే పద్దు పడిపోతుంది. ఆ ఖాతాకు డెబిట్ కార్డు ఇస్తే మీరు ఖర్చు చేయని డబ్బు కూడా కొన్ని రోజులు బ్యాంకులో నిలుపుదలలో పడవచ్చు, అందుకని క్రెడిట్ కార్డు ఇవ్వండి. పిల్లల కార్డులతో కొనుగోళ్లు జరగకుండా మొదటి రోజే ఆపించండి. ఆటల గదిలో కార్డు ఆనించడం పదేళ్ల పిల్లవాడికి ఎంత సులువో మా ఇంట్లో ఒకసారి తెలిసింది.

నాలుగో అంచె: ఒకే కాగితం మీద రాయండి

ఇక్కడ భార్యాభర్తలు, వారి తల్లిదండ్రులు ఇద్దరు, రెండు గదుల్లో వెళుతున్నారనుకుందాం. ఈ అంకెలు లెక్క తీరు చూపడానికే; మీ ప్రయాణానికి మీ అంకెలు వేసుకోవాలి. గదులకు నలుగురికి 900 చొప్పున 3,600 డాలర్లు. పన్నులు, రేవు రుసుములు ఆ ధరలో కలవలేదనుకుంటే, మనిషికి 250 చొప్పున 1,000. టిప్పులు 504. ఒక పరికరానికి ఇంటర్నెట్ 140. రేవుల్లో రెండు విహారాలు, ఒకటి మనిషికి 180, మరొకటి 150 చొప్పున, నలుగురికి 1,320. కారు పార్కింగు ఎనిమిది రోజులకు 240. ప్రయాణ బీమా 320. కాఫీలు, ఒకటి రెండు ఫోటోలు, చిల్లర ఖర్చులు 150. తల్లిదండ్రుల కెనడా వీసాలు సుమారు 270. అన్నీ కలిపితే 7,544 డాలర్లు. మనిషికి రోజుకు 129 డాలర్లని ప్రకటన చెప్పింది, నిజంగా పడింది 269.

ఈ రెండో అంకెతోనే మిగతా ప్రయాణాలను పోల్చాలి. అదే డబ్బుతో కారు తీసుకుని ఒలింపిక్ జాతీయ వనం, ఒరెగాన్ తీరం తిరిగితే ఎంత అవుతుందో పక్కనే రాసుకోండి. అయినా అలాస్కాయే కావాలనిపిస్తే, అప్పుడు తెలిసి ఖర్చు పెడుతున్నట్టు. మా ఇంట్లో రెండోసారి అలాగే జరిగింది.

అయిదో అంచె: ప్రతి రేవునూ విడిగా తూచండి

ఎక్కువ డబ్బు చేతులు మారేదీ, ఎక్కువ ఆదా చేయగలిగేదీ ఇక్కడే. ప్రతి రేవులోనూ ఓడ కంపెనీ అమ్మే షోర్ ఎక్స్‌కర్షన్లు (రేవులో దిగి చేసే విహారాలు) ఉంటాయి, ఊళ్లోని స్థానిక సంస్థలు నేరుగా అమ్మేవీ ఉంటాయి. రెండింటిలోనూ చాలాసార్లు అవే పడవలు, అవే బస్సులు. కంపెనీ ద్వారా కొంటే ధర ఎక్కువ, గుంపు పెద్దది. కానీ ఆ విహారం ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగుతుంది, లేదా తరవాతి రేవుకు చేర్చే బాధ్యత కంపెనీ తీసుకుంటుంది. మీరు సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. ఓడ ఆగే అలాస్కా రేవుల్లో, జూనో నగరానికి బయటి ప్రపంచంతో రోడ్డు లేదు. కెచికాన్ విమానాశ్రయం ఊరికి ఎదుటి దీవిలో ఉంటుంది, పడవ దాటి వెళ్లాలి. స్కాగ్వే నుంచి రోడ్డు ఉన్నా అది కెనడాలోకి పోతుంది. అందుచేత నేను పాటించే నియమం ఇది: రేవు నుంచి దూరం వెళ్లే విహారం ఓడ బయలుదేరడానికి రెండు గంటల ముందు ముగిసేదైతే సొంతంగా కొంటాను, లేకపోతే కంపెనీకే ఇస్తాను. స్థానిక సంస్థ దగ్గర కొనేటప్పుడు, ఓడ ఆ రేవులో ఆగకపోతే డబ్బు మొత్తం తిరిగి ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి.

అలాస్కా గడియారం సియాటిల్ కన్నా ఒక గంట వెనక. ఫోను తనంతట తాను సమయం మార్చుకుంటుంది, చేతి గడియారం మార్చుకోదు. ఓడ ఏ సమయాన్ని పాటిస్తోందో రోజువారీ పత్రంలో చూసి దాన్నే నమ్మండి. అందరూ ఎక్కవలసిన సమయం సాధారణంగా ఓడ కదిలే సమయానికి అరగంట ముందే ఉంటుంది.

కెచికాన్‌లో ఏటా 3,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అంటే హైదరాబాదు వర్షపాతానికి నాలుగు రెట్లకు మించి. అక్కడ ఖరీదైన సీప్లేన్ విహారాలు వాతావరణం వల్ల రద్దవడం మామూలు విషయం. ఈ రేవులో మేము డబ్బేమీ పెట్టలేదు. ఓడ ఊరి నడుమ ఉన్న రేవులో ఆగితే, ఏటి మీద కట్టెల వంతెనల వెంట కట్టిన క్రీక్ స్ట్రీట్ దాకా నడిచి వెళ్లవచ్చు. కాలం సరిగ్గా ఉంటే కిందనే సాల్మన్లు ఎదురీదుతూ కనిపిస్తాయి. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ కంపెనీ ఓడలు మాత్రం ఊరికి దూరంగా వార్డ్ కోవ్‌లో ఆగి, అక్కడి నుంచి ఉచిత బస్సులు నడుపుతాయి. రాకపోకల సమయం లెక్కలోకి తీసుకోండి.

జూనోలో డబ్బు పెట్టాలి, ఏ ఒక్క రేవులోనైనా పెట్టేటట్టయితే ఇక్కడే. తిమింగలాలను చూపించే పడవలు ఊరి రేవు నుంచి కాక, ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఆక్ బే నుంచి బయలుదేరతాయి. కాబట్టి నాలుగు గంటల విహారంలో నీటి మీద గడిపేది ఎంతసేపు, బస్సులో ఎంతసేపు అని అడగాలి. చిన్న పడవలో కిటికీ పక్కన అందరికీ చోటు దొరుకుతుంది. పెద్ద పడవలో ఊగుడు తక్కువ, మరుగుదొడ్డి సౌకర్యం మెరుగు, పెద్దవారికి అదే నయం. హంప్‌బ్యాక్ తిమింగలానికి 100 గజాల కన్నా దగ్గరగా పడవ వెళ్లకూడదని చట్టం ఉంది కనుక, బైనాక్యులర్స్ తీసుకువెళ్లండి, ప్రకటనలోని బొమ్మల్లాగా పడవ పక్కనే తిమింగలం ఎగురుతుందని పెద్దవారికి ముందే మాట ఇవ్వకండి.

మెండెన్‌హాల్ హిమనీనదం కూడా అదే దిక్కున ఉంది. రెండూ కలిపి అమ్మే విహారం తీసుకుంటే, రేవుకు వచ్చి మళ్లీ వెళ్లే సమయం మిగులుతుంది. హిమనీనదం ఒక్కటే చాలనుకునేవారికి రేవు నుంచి నేరుగా వెళ్లే షటిల్ బస్సులున్నాయి. రెండు డాలర్ల సిటీ బస్సు కూడా ఉంది గానీ అది దింపిన చోటు నుంచి ఇంకా రెండు కిలోమీటర్లకు పైగా నడవాలి. కుర్రవాళ్లకు సరే, మోకాళ్ల నొప్పులున్నవారికి వద్దు. హిమనీనదం దగ్గరి సందర్శక కేంద్రం నుంచి నగెట్ జలపాతం దాకా ఒకటిన్నర కిలోమీటర్ల చదునైన బాట ఉంది, దానికి రుసుము లేదు. ఆగస్టులో వెళ్లేవారికి ఒక హెచ్చరిక: హిమనీనదం పక్కనున్న లోయలో నిలిచిన నీరు ఒక్కసారిగా తెగి నదికి వరద తేవడం 2023, 2024, 2025 ఆగస్టు నెలల్లో వరసగా జరిగింది, అటువంటప్పుడు ఆ ప్రాంతాన్ని మూసివేస్తారు. హెలికాప్టరులో మంచు మీద దిగే విహారం మనిషికి 300 డాలర్లు దాటుతుంది, అందులో శరీర బరువుకు పరిమితులుంటాయి. అంత ఖర్చు పెట్టి వాతావరణాన్ని నమ్ముకోవడం నాకు మనసొప్పలేదు.

స్కాగ్వేలో అందరూ ఎక్కేది వైట్ పాస్ రైలు. 1897–98 బంగారు వేట కాలంలో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన ఈ నారోగేజి మార్గం, ముప్పై రెండు కిలోమీటర్లలో సుమారు 900 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. మా నాన్నగారు అరకు రైలుతో పోల్చి చూసుకుంటూ సంతోషించారు. వెళ్లేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి, లోయ అటే ఉంటుంది. ఇక్కడ వీసా విషయం మళ్లీ వస్తుంది: శిఖరం దాకా వెళ్లి రైలు దిగకుండానే తిరిగి వచ్చే టికెట్టుకూ, కెనడా లోపలికి వెళ్లి దిగే టికెట్టుకూ నిబంధనలు వేరు, రెండోదానికీ, కెనడాలోని యూకాన్ ప్రాంతానికి వెళ్లే బస్సు విహారాలకూ పాస్‌పోర్టు, కెనడా వీసా చేతిలో ఉండాలి. రైలు వద్దనుకుంటే, ఊళ్లోని క్లాండైక్ గోల్డ్ రష్ జాతీయ చారిత్రక వనం కేంద్రాన్ని ఉచితంగా చూడవచ్చు. ఊరంతా కలిపి కొన్ని వీధులే.

ఓడ హిమనీనదం ఎదుట గడిపే రోజుకు విడిగా ఖర్చు లేదు, కానీ ఓడను ఎంచుకునేటప్పుడే అది ఏ హిమనీనదమో చూసుకోవాలి. గ్లేసియర్ బే జాతీయ వనంలోకి రోజుకు రెండు పెద్ద ఓడలనే రానిస్తారు, కాబట్టి అన్ని కంపెనీలకూ అక్కడ చోటు ఉండదు. ఇతర ఓడలు హబ్బర్డ్ హిమనీనదానికో, ఎండికాట్ ఆర్మ్ అనే సముద్రపు పాయలోకో వెళతాయి. ఇక విక్టోరియాలో ఓడ తరచుగా సాయంత్రం వచ్చి అర్ధరాత్రిలోపు వెళ్లిపోతుంది. అక్కడ ఖరీదైన విహారం కొనవద్దు, కాలినడకన తీరం వెంట తిరిగి రండి.

ఆరో అంచె: పెట్టె సర్దేటప్పుడు

మన ఇళ్లలో ప్రయాణమంటే వెంట వచ్చే వస్తువుల్లో సగం ఓడలో నిషిద్ధం. రైస్ కుక్కరు, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె, సర్జ్ ప్రొటెక్టరు ఉన్న ప్లగ్గుల పట్టీ, కొవ్వొత్తులు, అగరువత్తులు: ఇవన్నీ నిప్పు భయం వల్ల ఎక్కేటప్పుడే తీసి పక్కన పెడతారు. అమ్మ పొద్దున్నే దీపం పెట్టుకుంటానంటే బ్యాటరీ దీపం ఒకటి సర్దండి. ఇంట్లో చేసిన పులిహోర, పెరుగన్నం లోపలికి రానివ్వరు. మూత తెరవని, కొన్న ప్యాకెట్లు, పచ్చడి సీసాలు సాధారణంగా రానిస్తారు. వాషింగ్టన్ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే అయినా ఓడ మీద, గంజాయి కలిపిన గమ్మీ మిఠాయిలతో సహా, పూర్తిగా నిషేధం.

శాకాహారులు కంగారు పడనక్కరలేదు. బుకింగు సమయంలోనే భారతీయ శాకాహారం కావాలని నమోదు చేయించి, మొదటి రాత్రి భోజనశాలలో హెడ్ వెయిటరుతో మాట్లాడితే, మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం వండి పెట్టే ఓడలు చాలా ఉన్నాయి. దీనికి అదనపు రుసుము ఉండదు. ముందు రోజు చెప్పడం మాత్రం మరవకూడదు.

డైపరు వేసుకునే పసిపిల్లలను ఈత కొలనులోకి దిగనివ్వరు. ఆరు నెలలు నిండని బిడ్డను, ప్రయాణం ముగిసేలోపు 24వ వారంలోకి అడుగుపెట్టే గర్భవతిని చాలా కంపెనీలు ఓడ ఎక్కనివ్వవు. బయలుదేరే ముందు జరిగే భద్రతా శిక్షణకు ప్రతి ఒక్కరూ హాజరు కావాలి; 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా ఓడ బోల్తాపడి 32 మంది చనిపోయిన తరవాత, ఓడ కదలక ముందో, కదిలిన వెంటనేనో దీన్ని ముగించాలని అంతర్జాతీయ నియమాలను సవరించారు. మందులు, పాస్‌పోర్టులు, ఒక స్వెట్టరు చేతి సంచిలోనే ఉంచుకోండి, రేవులో అప్పగించిన పెట్టె గదికి చేరడానికి సాయంత్రం అవుతుంది. సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటగా, బయటి సముద్రంలో సాగుతాయి కనుక మొదటి రాత్రి ఊగుడు ఉంటుంది. వాంతులు రాకుండా ఆపే మాత్ర ఊగుడు మొదలవక ముందే వేసుకోవాలి.

ఏడో అంచె: బీమా, రద్దు

ఓడలోని వైద్యుడు ఉచితం కాదు. చూసినందుకు, మందుకు, సెలైనుకు విడివిడిగా మీ గది ఖాతాలో వేస్తారు, ఆ తరవాత మీరు బీమా సంస్థ నుంచి రాబట్టుకోవాలి. తల్లిదండ్రులకు కొన్న విజిటర్స్ ఇన్సూరెన్స్ ఓడ మీదా, కెనడా జలాల్లోనూ వర్తిస్తుందా, పాత జబ్బు ఒక్కసారిగా ముదిరితే ఇస్తారా, హెలికాప్టరులో ఆసుపత్రికి తరలించవలసి వస్తే ఎంతవరకు భరిస్తారు అనే మూడు ప్రశ్నలకు ఈమెయిల్లో జవాబు తీసుకోండి. ఆ తరలింపు ఖర్చు పదుల వేల డాలర్లలో ఉండవచ్చు.

ఏడు రాత్రుల ప్రయాణానికి మిగతా డబ్బంతా కట్టే గడువు సాధారణంగా బయలుదేరడానికి 90 రోజుల ముందు ఉంటుంది. ఆ గడువు లోపల, తిరిగి వచ్చే రకం డిపాజిట్ కట్టి ఉంటే, రద్దు చేసుకున్నా నష్టం లేదు. ధర తగ్గినా పాత బుకింగును కొత్త ధరకు మార్పించుకోవచ్చు. గడువు దాటాక రోజులు గడిచేకొద్దీ కోత పెరుగుతుంది. అందుకే క్యాలెండరులో ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, దానికంటే నెల ముందే కెనడా వీసాలు చేతిలో ఉండేలా చూసుకోండి.

టికెట్టుతో వచ్చే ఒప్పందాన్ని ఎవరూ చదవరు. ఓడ ఏ రేవునైనా వదిలేయవచ్చనీ, అలా వదిలేస్తే రేవు రుసుము తప్ప ఇంకేమీ తిరిగి ఇవ్వనక్కరలేదనీ అందులో ఉంటుంది. 1991లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు ఇక్కడ చెప్పుకోవాలి: వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన దంపతులు లాస్ ఏంజెలెస్‌లో కార్నివాల్ ఓడ ఎక్కారు, భార్య ఓడలో జారిపడ్డారు, ఇంటి దగ్గరి కోర్టులో దావా వేశారు, టికెట్టు మీద చిన్న అక్షరాల్లో ఫ్లోరిడాలోనే దావా వేయాలని ఉంది కనుక అదే చెల్లుతుందని కోర్టు తేల్చింది.

చివరి అంచె: ఆఖరి రాత్రి

విక్టోరియా రేవులో అందరూ తిరగడానికి వెళ్లిన వేళ గెస్ట్ సర్వీసెస్ కౌంటరు దగ్గర వరస చిన్నదిగా ఉంటుంది. అప్పుడే వెళ్లి ఖాతా మొత్తం తెరిపించి, మీరు కొననివి, రెండుసార్లు పడినవి ఉంటే అక్కడికక్కడే తీసేయించండి. ఇంటికి వచ్చాక ఈమెయిళ్లతో తేల్చుకోవడానికి వారాలు పడుతుంది. మర్నాడు ఉదయం ఓడ ఏడు గంటలకే సియాటిల్ చేరినా, సరిహద్దు అధికారుల దగ్గర భారత పాస్‌పోర్టుల వరస నెమ్మదిగా కదలవచ్చు. వేరే ఊరి నుంచి వచ్చినవారు మధ్యాహ్నం ఒంటిగంటకు ముందు విమానం పెట్టుకోకూడదు.